రొమ్ము క్యాన్సరు: ఒక్క పేరు, పెక్కు వ్యాధులు



ఈ సాయంకాలము నేను మాటలాడబూనిన విషయము స్త్రీల శరీరమునకు సంబంధించినది. ఇట్టి విషయమును గ్రామములందలి పెద్దలను ఉద్దేశించి చెప్పుటేల, స్త్రీలకే చెప్పరాదా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. స్త్రీలకును చెప్పవలసినదే. కాని మన యిండ్లలో పట్టణమునకు ప్రయాణము కట్టవలయునన్నను, ఎద్దునో ఎకరమునో అమ్మి సొమ్ము సమకూర్పవలయునన్నను, ‘పంట యింటికి వచ్చిన పిమ్మట చూతములే’ యని ఆగవలయునన్నను, ఆ మాట పలుకువారు పెద్దలే. ఒక తల్లి తన రొమ్మున గడ్డ చేతికి తగిలినదని కూతురితోనో కోడలితోనో గుసగుసగా చెప్పును. ఆ మాట యింటి పెద్ద చెవిని చేఱుసరికి కొన్ని నెలలు గడచును. ఆయన ఒక నిశ్చయమునకు వచ్చుసరికి మఱికొన్ని నెలలు గడచును. ఈ రెండు జాప్యములలో మొదటిది సిగ్గువలన కలుగుచున్నది; రెండవది తెలియమివలన కలుగుచున్నది. ఆ రెండవదానిని కొంతయైనను తగ్గింపవలయునని నా ప్రయత్నము.

నేను వైద్యుడను కాను. జీవశాస్త్రము బోధించుట నా వృత్తి. హైదరాబాదు నగరమున తార్నాకలో నివసించుచున్నాను. ఇది విద్యలకు నెలవైన ప్రదేశము. ఒకవైపున 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణము గలదు. 1958లో కూనూరు నుండి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ యిచ్చటనే యున్నది. ఔషధములను తయారుచేయు విధానములను పరిశోధించు భారతీయ రసాయన సాంకేతిక సంస్థయు, జీవకణముల మర్మములను శోధించు కణ జీవశాస్త్ర కేంద్రమును ఉప్పలు పోవు మార్గముననే గలవు. ఇచ్చట నుండి సీతాఫల్‌మండి, చిలకలగూడల మీదుగా పోయినచో ముషీరాబాదు వచ్చును. అచ్చట పూర్వము కారాగారముండిన స్థలమున నేడు గాంధీ ఆసుపత్రి యున్నది. 2003లో అది సికింద్రాబాదు నుండి యీ చోటికి మాఱినది. ఉదయమున ఆ దారిని పోవునపుడు, జిల్లాల నుండి వచ్చి చేతిలో కాగితముల సంచితో ఆసుపత్రి ద్వారము వెదకుకొను పల్లెవారిని నేను తఱచుగా చూచుచుందును. వారితో మాటలాడుట నాకు అలవాటు. ఈనాడు నేను చెప్పబోవు దానిలో కొంత శాస్త్రగ్రంథముల నుండి గ్రహించితిని. కొంత వారి ప్రశ్నల నుండి నేర్చుకొంటిని.

ముందుగా వ్యాధి యెంత వ్యాపించియున్నదో చెప్పెదను. 2022వ సంవత్సరమున మన దేశమున ఇంచుమించు 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు క్రొత్తగా కనబడినదనియు, 98,000 మంది దానివలన మరణించిరనియు అంతర్జాతీయ గణనము తెలుపుచున్నది. మన దేశపు స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో నిదియే మొదటిది. 2020లో ప్రకటింపబడిన జాతీయ క్యాన్సరు నమోదు నివేదికలో, లెక్కలు సేకరింపబడిన ప్రాంతములన్నిటిలోను హైదరాబాదు జిల్లా యీ వ్యాధి విషయమున ముందుండెను. వయోభేదములను సవరించి లెక్కింపగా, లక్షమంది స్త్రీలలో ఏటికి దాదాపు 48 మందికి ఇది కనబడెను. పట్టణములలో ఎక్కువ, పల్లెలలో తక్కువ యనుట నిజమే. కాని పల్లెవారికి వచ్చినపుడు తెలిసికొనుట ఆలస్యమగుచున్నది. ఆలస్యమువలన ప్రాణహాని హెచ్చుచున్నది.

ఇక అసలు సంగతి. పల్లెలలో రాచపుండనియు, పుట్టకురుపనియు పిలుచు ఈ వ్యాధిని మనము ఒక్కటిగా ఎంచుచున్నాము. పేరు ఒక్కటే గాని వ్యాధి యొక్కటి కాదు. దీనిని గ్రహించుటకు మన నగరమందే జరిగిన ఒక కథను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పూర్వము జ్వరము వచ్చినవారికెల్ల జ్వరమను ఒక్క పేరే యుండెను. చలిజ్వరము, విషజ్వరము అని పైలక్షణములనుబట్టి వేఱుచేసెడివారు గాని కారణము తెలియదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపున మలేరియా సూక్ష్మజీవిని కనుగొనెను. రక్తపుచుక్కను సూక్ష్మదర్శినితో చూచి ‘ఇది మలేరియా, ఇది కాదు’ అని వేఱుచేయుట వైద్యులకు సాధ్యమైన పిమ్మట, క్వినైను ఎవరికీయవలయునో ఎవరికి నిష్ప్రయోజనమో తేటపడెను. టైఫాయిడు రోగికి క్వినైను ఇచ్చి ‘మందు పనిచేయలేదు, మందులన్నియు అబద్ధము’ అనుట ఎంత పొరపాటో నేడు పసివానికిని తెలియును. రొమ్ము క్యాన్సరు విషయమున మన పల్లెలు ఇంకను ఆ పాత జ్వరపు కాలమందే యున్నవి. ఒక యింట ఒకతె పోయినదని, ఆ కథనే మఱియొక యింటి స్త్రీకి కొలతగా పెట్టుచున్నారు.

రకములను తెలిసికొనుటకు రొమ్ము నిర్మాణము కొంచెము తెలియవలయును. ద్రాక్షగుత్తుల వంటి చిన్న పాలగ్రంథులు రొమ్ములోపల నుండును. అచ్చట తయారైన పాలు సన్నని నాళముల వెంట చనుమొన వఱకు ప్రవహించును. మడులకు నీరు తెచ్చు పిల్లకాలువల వలె ఈ నాళములు అల్లుకొనియుండును. వీని చుట్టును కొవ్వును, నారపదార్థమును నిండియుండును. క్యాన్సరనగా శరీరమందలి ఒక కణము తన హద్దు మఱచి, ఆజ్ఞ మీఱి, ఎడతెగక పెరుగుట. ఆ పెరుగుట యెచ్చట మొదలైనది, గట్టు తెగినదా లేదా యనుదానిని బట్టి మొదటి విభాగము చేయుదురు.

చెడిన కణములు కాలువ గట్టు లోపలనే నిలిచియున్నచో దానిని పుట్టినచోటనే యున్న వ్యాధి యందురు. కాగితములలో ‘డక్టల్ కార్సినోమా ఇన్ సైటూ’ అని వ్రాయుదురు. ఇది తఱచు చేతికి తగులదు. మామోగ్రామ్ అను ఛాయాచిత్రమున చిన్న సున్నపు చుక్కల వలె కనబడును. ఈ దశయందు చికిత్స చేసినచో ప్రాణాపాయము మిక్కిలి తక్కువ. గట్టు తెగి పొలములోనికి నీరు పాఱినట్లు, కణములు నాళమును దాటి చుట్టుపట్ల వ్యాపించినచో దానిని చొచ్చుకొనిపోవు రకమందురు. రోగులలో అత్యధికులకు, నూటికి 70 మొదలు 80 మందికి, నాళములనుండి పుట్టి యిట్లు చొచ్చుకొనిపోవు రకమే కనబడును. గట్టిగా, గరుకుగా, సాధారణముగా నొప్పి లేని గడ్డగా ఇది చేతికి తగులును. నొప్పి లేకపోవుటయే దీని మోసము. నొప్పి యున్నచో మనము వైద్యునికడకు పరుగెత్తుదుము. నొప్పి లేని గడ్డను ‘ఏమియు చేయదులే’ యని విడిచిపెట్టుదుము.

పాలగ్రంథులలో పుట్టి చొచ్చుకొనిపోవు రకము రెండవది. ఇది నూటికి 10 మొదలు 15 మందికి వచ్చును. ఇందు కణములు గుంపుగూడక, చీమలబారు వలె ఒకదాని వెనుక నొకటిగా సాగును. కావున స్పష్టమైన గడ్డ యేర్పడక, రొమ్ములో ఒకచోట మందముగా, బిగువుగా నుండును. ఛాయాచిత్రమున సైతము ఒక్కొక్కప్పుడు తప్పించుకొనును. ‘గడ్డ లేదు గదా’ యని నిశ్చింతగా నుండరాదనుటకు ఇదియే నిదర్శనము.

మూడవది అరుదైనదే గాని మిక్కిలి త్వరగా పెరుగునది. దీనిని వాపుతో కూడిన క్యాన్సరందురు. రొమ్ము ఎఱ్ఱబాఱి, వేడెక్కి, కొలది వారములలోనే బరువెక్కును. చర్మము బత్తాయి తొక్క వలె గుంటలు పడును. చూచినవారు పాలగడ్డ యనుకొని, వేపాకు నూఱి పట్టువేయుదురు, పసరు కట్టుదురు. బాలింతకు పాలగడ్డ వచ్చుట సహజమే. తగిన మందులతో అది వారము పదిదినములలో తగ్గును. తగ్గనిచో, లేదా పాలిచ్చు వయస్సు దాటిన స్త్రీకి అట్టి ఎఱుపు కనబడినచో, కట్లు విప్పి వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలయును. ఈ రకమున ఒక్క నెల జాప్యము కూడ పెద్ద నష్టము.

నాలుగవది చనుమొనకు వచ్చునది. 1874లో జేమ్స్ పేజెట్ అను ఆంగ్లేయ వైద్యుడు దీనిని వర్ణించెను. కావున దానికి ఆయన పేరే నిలిచినది. చనుమొన పొక్కి, పొట్టు రాలి, దురదపెట్టి, చూచుటకు తామర వలె నుండును. నెలల తరబడి లేపనములు పూసికొనుచు కాలము గడపువారు గలరు. ఒక్క రొమ్ము మొనకే వచ్చి మానని తామరను తామరగా నమ్మరాదు.

ఇవిగాక జిగురు నిండిన గడ్డలుగా వచ్చునవి, సన్నని గొట్టముల వలె పెరుగునవి మున్నగు కొన్ని అరుదైన రకములు గలవు. వానిలో పెక్కు నెమ్మదిగా పెరుగునవే. మఱియొక సంగతి. రొమ్మున కనబడు గడ్డలలో ఎక్కువభాగము క్యాన్సరు కానేకావు. పడుచు స్త్రీలలో వ్రేలికింద జాఱిపోవు గుండ్రని గడ్డలు, నీటితిత్తులు తఱచు వచ్చును. అవి ప్రాణహాని చేయవు. కావున గడ్డ యనగానే గుండె చెదరనక్కఱలేదు. ఏది యేదో పరీక్షించి చెప్పవలసినవారు వైద్యులు; ఊహించి చెప్పవలసినవారము మనము కాము. పురుషులకును రొమ్ము క్యాన్సరు రావచ్చును. నూఱుమంది రోగులలో ఒక్కడు, లేదా అంతకన్న తక్కువ. మీలో ఎవరికైన చనుమొన క్రింద గట్టి గడ్డ తగిలినచో నవ్వి ఊరకుండకుడు.

ఇంతవఱకు చెప్పినది కంటికి, సూక్ష్మదర్శినికి కనబడు భేదము. దీనికంటె ముఖ్యమైన భేదము మఱియొకటి గలదు. చికిత్స యంతయు దానిమీదనే ఆధారపడియున్నది. ప్రతి కణము యొక్క ఇంటికిని తలుపులున్నవనియు, తలుపులకు తాళపుకప్పలున్నవనియు అనుకొనుడు. రక్తమున ప్రవహించు కొన్ని పదార్థములు తాళపుచెవుల వలె ఆ కప్పలలో దూఱి, కణమునకు ‘పెరుగుము’ అను ఆజ్ఞ నిచ్చును. ఏ కణమునకు ఏ కప్ప యున్నదో తెలిసినచో, ఆ కప్పను మూసివేయు మందును ఇయ్యవచ్చును. ఈ పరీక్షకై సూదితో గడ్డ నుండి చిన్న ముక్క తీసి మూడు సంగతులు చూచెదరు: ఈస్ట్రోజెన్ కప్ప యున్నదా, ప్రొజెస్టిరాన్ కప్ప యున్నదా, హెర్-టూ అను కప్ప అధికముగా నున్నదా.

మొదటి రెండును స్త్రీత్వమునకు సంబంధించిన హార్మోనుల కప్పలు. 1896లో స్కాట్లాండు దేశమున జార్జి బీట్సన్ అను శస్త్రవైద్యుడు, అండాశయములను తొలగించినచో కొందఱి రొమ్ము క్యాన్సరు కృశించుటను గమనించి ప్రకటించెను. అందఱికి కాక కొందఱికే యిట్లగుటేల యని పెక్కేండ్లు ఎవరికిని తెలియలేదు. కప్ప యున్నవారికే ఆ ఫలము కలుగునని తరువాతి కాలమున బోధపడెను. నేడు అండాశయములను తీయకయే, టామాక్సిఫెన్ అను మాత్రతో ఆ కప్పను మూయుచున్నారు; ముట్లుడిగిన స్త్రీలకు లెట్రోజోల్ వంటి మాత్రల నిత్తురు. దినమున కొక్క మాత్ర, అయిదేండ్లు, కొందఱికి పదియేండ్లు. ఈ మాత్రలు అంత వెలగలవి కావు. రోగులలో సగముకంటె ఎక్కువమందికి హార్మోను కప్ప యుండును. ఇది మనకు గొప్ప ధైర్యము.

మూడవదియగు హెర్-టూ కప్ప, నూటికి 15 మొదలు 20 మందికి అధికముగా నుండును. ఈ రకము త్వరగా పెరుగును గనుక పూర్వము వైద్యులే దీనికి వెఱచెడివారు. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ అను సూదిమందు అనుమతి పొందినది. అది ఆ కప్పకే అంటుకొని ఆజ్ఞను అడ్డగించును. వెఱపు పుట్టించిన రకమే ఆ మందుతో చక్కగా లొంగు రకముగా మాఱినది. మొదట దాని వెల సామాన్యులకు అందరానిదిగా నుండెను. 2014 నుండి మన దేశమందే తయారైన సమానౌషధములు లభించుటవలన కొంత దిగివచ్చినది.

మూడు కప్పలును లేని రకము కూడ గలదు. దీనిని ‘ట్రిపుల్ నెగటివ్’ అందురు. పాశ్చాత్య దేశములలో ఇది నూటికి 10 మొదలు 15 మందికి రాగా, మన దేశపు పరిశీలనలలో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వఱకు కనబడుచున్నది. చిన్న వయస్సువారిలో ఎక్కువ. దీనికి కప్ప మూయు మాత్రలు పనికిరావు. అట్లని మందే లేదనుకొనరాదు. కణములను చంపు సూదిమందులు దీనియందు బాగుగ పనిచేయును. తొలిదశలో పట్టుకొన్నచో పెక్కుమంది కోలుకొనుచున్నారు. కాని ఇది వేచియుండదు. ఈ రకము గలవారిలో కొందఱికి వంశపారంపర్యమైన కారణముండును. 1994లోను 1995లోను కనుగొనబడిన బ్రాకా యను రెండు జన్యువులలో దోషమున్నచో రొమ్మునకును అండాశయమునకును క్యాన్సరు వచ్చుట హెచ్చు. ఈ దోషము తల్లివైపు నుండియే కాదు, తండ్రివైపు నుండియు సంక్రమించును. మొత్తము రోగులలో ఇట్టివారు నూటికి 5 మొదలు 10 మందియే. కావున ‘మా వంశమున లేదు, మాకు రాదు’ అనుటయు తప్పు. ‘తల్లికి వచ్చినది, కూతురికి వచ్చి తీఱును’ అనుటయు తప్పు.

ఈ భేదములు తెలియకపోవుటవలన ఏమి జరుగునో, నేనెఱిగిన ఒక సంగతి చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట నల్లగొండ వైపు నుండి నా పరిచితుడొకడు, నాకంటె పెద్దవాడు, మా యింటికి వచ్చెను. ‘తమ్ముడా! మా వదినె ఆపరేషను చేయించుకొన్నది. సూదులు వేయించుకొన్నది. వెండ్రుకలు రాలినవి. రెండేండ్లకు పోనే పోయినది. ఇప్పుడు నా పెద్ద కోడలికి గడ్డ కనబడినది. ఉన్న రెండెకరములు అమ్మి మఱల ఆ దుఃఖమునే కొనితెచ్చుకొనుటేల? నాలుగు దినములు పిల్లలతో కడుపునిండ తిని యుండనిమ్ము’ అనెను. ఆ మాటలో లోభము లేదు; వట్టి నిరాశయే. ‘అన్నా, వదినెగారి కాగితములున్నవా?’ అని అడిగితిని. అదృష్టవశమున ఇంటిదూలమునకు కట్టిన సంచిలో ఉండినవట, మఱునాడు తెప్పించెను. మూడు కప్పల యెదుటను ‘నెగటివ్’ అని వ్రాసియుండెను; వ్యాధి అప్పటికే చంకలోని గ్రంథులకును ఊపిరితిత్తులకును ప్రాకియుండెను. కోడలికి సూదిపరీక్ష చేయించిరి. గడ్డ రేగుపండంత; హార్మోను కప్పలు రెండును ఉన్నవి. ఒకే యిల్లు, ఒకే పేరు గల రోగము, కాని రెండు వేఱు వ్యాధులు. ఆమె శస్త్రచికిత్సయు కిరణచికిత్సయు పొంది, దినమున కొక్క మాత్ర వేసికొనుచున్నది. ఇది ఆఱవ యేడు. పొలము పనికి పోవుచున్నది.

దీనికి మాఱుగా మఱియొకతె కథయు విన్నాను. ఆమెకు అదే మాత్ర వ్రాసిరి. ఒక యేడు వాడి, ‘ఒంట్లో బాగుగనే యున్నది, ఇంకెందుకు’ అని మానివేసినది. ఏ నొప్పియు లేనపుడు మాత్ర యెందులకని యింటివారును అనిరి. మూడేండ్లకు వ్యాధి యెముకలలో బయటపడెను. మాత్ర నొప్పి కొఱకు కాదు. కప్ప మూసియుంచుట కొఱకు. తలుపునకు గడియ వేసి, దొంగ రాలేదని గడియ తీసివేయుదుమా?

రకము వేఱు, దశ వేఱు అనునది కూడ తెలియవలయును. ఏ జాతి కలుపు అనునది రకము; చేనిలో ఎంతదూరము ప్రాకినది అనునది దశ. గడ్డ రెండు సెంటీమీటర్లు మించక, చంకకు ప్రాకనిచో మొదటి దశ. గడ్డ పెరిగి చంకలోని గ్రంథులకు ప్రాకినచో రెండవ, మూడవ దశలు. ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయమునకు, మెదడునకు చేరినచో నాలుగవది. రకమును మార్చుట మన చేతిలో లేదు. దశ మాత్రము చాలవఱకు మన చేతిలో నున్నది. ఎంత చెడ్డ రకమైనను తొలిదశలో లొంగవచ్చును. ఎంత మంచి రకమైనను నాలుగవ దశకు విడిచినచో నిర్మూలించుట కష్టము. అప్పుడును బాధ తగ్గించి ఆయువు పొడిగించు చికిత్స గలదు.

కణములను చంపు మందులను గూర్చి చెప్పునపుడు తెలుగువారు గర్వింపదగిన పేరొకటి తలచుకొనవలయును. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున బాల్యము గడపి, అమెరికాకు పోయి పరిశోధించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో మెథోట్రెక్సేట్ అను మందు తయారైనది. ఆయన 1948లో న్యూయార్కున మరణించెను. తరువాత 1976లో ఇటలీ దేశపు వైద్యుడు బొనడొన్నా, శస్త్రచికిత్స పిమ్మట మూడు మందులను కలిపి యిచ్చినచో రొమ్ము క్యాన్సరు తిరుగబెట్టుట తగ్గునని చూపెను. ఆ మూడింటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. నేడు వేఱు మందులు తఱచుగా వాడబడుచున్నను, ప్రపంచమున లక్షలాది స్త్రీల ప్రాణములను నిలిపిన ఆ మార్గమున ఒక తెలుగుబిడ్డ చేయి యున్నది. వెండ్రుకలు రాలుట మందు పనిచేయు కాలమున వచ్చు తాత్కాలిక కష్టము. చికిత్స ముగిసిన పిమ్మట అవి మఱల మొలచును.

పల్లెలలో వినబడు కొన్ని శంకలకు సమాధానము చెప్పి ముందునకు సాగెదను. సూది గుచ్చినచో వ్యాధి రేగి ప్రాకునని వెఱపు. అది నిజము కాదు, సూదిపరీక్ష లేక రకము తెలియనే తెలియదు. ఇది అంటువ్యాధి యని ఆమె కంచమును, పడకను వేఱుచేయువారు గలరు. ఇది తాకుటవలన గాని, కలిసి భుజించుటవలన గాని, పాలిచ్చుటవలన గాని అంటదు. దెబ్బ తగులుటవలన వచ్చినదందురు. దెబ్బ తగిలినపుడు తడవి చూచుకొనుటచే ముందేయున్న గడ్డ బయటపడును, అంతియే. పూర్వజన్మ పాపమనుట ఆ తల్లికి రెండవ శిక్ష. రొమ్ము యావత్తు తీసివేయుట తప్పదని భయము. గడ్డ చిన్నదైనపుడు గడ్డను మాత్రము తీసి కిరణచికిత్స చేసినచో, రొమ్ము తీసినంత ఫలితమే కలుగునని ఇటలీలోను అమెరికాలోను ఇరువది యేండ్లు గమనించి 2002లో ప్రకటించిరి. బిడ్డలకు చనుబాలిచ్చుట, శరీరమునకు శ్రమ నిచ్చుట కొంత రక్షణ. ముట్లుడిగిన పిమ్మట ఒళ్లు పెరుగుట, మద్యము కొంత చేటు. కాని యేమియు తప్పు చేయని స్త్రీకిని ఇది రావచ్చును.

ఇక మీరు చేయదగిన పనులు. మొదటిది, పరీక్షకు అనుకూలించుట. ముంబయిలో టాటా స్మారక ఆసుపత్రివారు 1998 నుండి లక్షన్నరకు పైగా పేద స్త్రీలను రెండు వర్గములుగా చేసి యిరువది యేండ్లు గమనించిరి. ఒక వర్గమున, వైద్యులు కాని, శిక్షణ పొందిన స్త్రీలు రెండేండ్లకొకమాఱు చేతితో రొమ్ములను పరీక్షించిరి. 2021లో ప్రకటించిన ఫలితములలో, ఏబది యేండ్లు దాటిన స్త్రీలలో ఈ వ్యాధివలని మరణములు నూటికి దాదాపు 30 వంతులు తగ్గినట్లు కనబడెను. అంతకు చిన్నవారిలో మరణములు అట్లు తగ్గలేదు గాని, వ్యాధి తొలిదశలోనే బయటపడెను. యంత్రము లేదు, విద్యుత్తు లేదు. నేర్చిన చేయి మాత్రమే. మన ప్రభుత్వపు కార్యక్రమమున ముప్పది యేండ్లు దాటిన స్త్రీలకు ఇట్టి పరీక్ష చేయవలయునని 2016లో నియమమేర్పడినది. మీ యూరి ఆరోగ్య ఉపకేంద్రపు నర్సమ్మగారిని, ఆశ కార్యకర్తను అడుగుడు. పరీక్షకు ఒక మఱుగైన గదియు, తలుపునకు గడియయు సమకూర్చుట గ్రామపెద్దల పని.

రెండవది, గుర్తులను ఇంటి స్త్రీలకు తెలియనిచ్చుట. గడ్డ గాని మందము గాని, చంకలో బిళ్ల, చర్మము సొట్టపడుట, చనుమొన క్రొత్తగా లోపలికి పోవుట, రక్తము స్రవించుట, ఎఱుపు, మానని పొక్కు. వీనిలో నేది కనబడినను వారములోపల చూపింపవలయును. మన దేశమున ఈ వ్యాధి పాశ్చాత్యులకంటె దాదాపు పదియేండ్లు ముందుగా వచ్చుచున్నది. ‘చిన్నది గదా, దానికేమి’ అనరాదు.

మూడవది, వైద్యుని నాలుగు ప్రశ్నలు అడుగుట: ఏ రకము? ఏ దశ? మూడు కప్పల పరీక్ష ఫలితమేమి? చికిత్స యెన్నాళ్లు? ఈ నాలుగింటికి సమాధానములు ఒక కాగితమున వ్రాయించుకొని, పొలము పట్టా దాచినంత భద్రముగా దాచుడు. ఆ కాగితము ఆమెకే కాదు, ఆమె కూతుళ్లకును పనికివచ్చును.

నాలుగవది, సొమ్ము లేదని ఆగకుండుట. హైదరాబాదులో రెడ్‌హిల్స్‌నందు 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగు క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వముది. 2007లో ఉమ్మడి రాష్ట్రమున మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకములక్రింద అర్హులైన కుటుంబములకు క్యాన్సరు చికిత్స ఉచితముగా జరుగుచున్నది. భూమి అమ్ముటకు ముందు ఆ విచారణ చేయుడు.

మహాశయులారా! మన రైతులు వరి నంతటిని ఒక్క తీరుగా సాగుచేయరు. ఏ వంగడమునకు ఎంత నీరో, ఎన్నాళ్ల పంటయో ఎఱిగి నడుపుదురు. పొరుగు చేను ఎండినదని తమ చేనిని దున్ని పాఱవేయరు. ఆ వివేకమునే ఇంటి ఆడుబిడ్డ ప్రాణము విషయమునను చూపుడని నా ప్రార్థన. ‘ఫలానా ఆమె బ్రతుకలేదు’ అను మాట రచ్చబండ మీద వినబడినపుడు, ‘ఆమెకు వచ్చినది ఏ రకము, ఎప్పుడు తెలిసినది?’ అని మీలో నొకరు అడిగినచో, ఆ ప్రశ్నయే ఒక యింట దీపము నిలుపవచ్చును.